ప్యాకెట్ పదును చాలదు

అమెరికాలో విల్లు వేట సీజన్ దగ్గరపడే రోజుల్లో ఏ విల్లంబుల దుకాణంలో నిలబడినా ఒక మాట పదేపదే వినిపిస్తుంది: "ఈ కాలపు విళ్ళకు ఏ ములికి అయినా ఒకటే. ప్యాకెట్ విప్పు, బిగించు, కొట్టు. నూరుకుంటూ కూర్చునే రోజులు పోయాయి." కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళకు పాతకాపులు ఇచ్చే సలహా ఇదే. టెక్సస్‌లోనో పెన్సిల్వేనియాలోనో స్థిరపడి, ఆఫీసు స్నేహితుల వెంట జింకల వేటకు వెళ్ళడం మొదలుపెట్టిన తెలుగువాళ్ళ చెవిన మొదట పడేదీ ఇదే. ఈ సలహా తప్పు. ఆ తప్పుకు శిక్ష మాత్రం సలహా ఇచ్చినవాడికి పడదు, విన్నవాడికీ పడదు. గాయంతో పొదల్లోకి పారిపోయి ఎవరికీ దొరక్కుండా చచ్చే జింకకు పడుతుంది.

ఒక సంగతి ముందే స్పష్టం చేయాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. నేను రాస్తున్నది లైసెన్సుతో, సీజన్‌లో, పరిమితికి లోబడి విల్లుతో వేటాడటానికి చట్టం ఒప్పుకున్న అమెరికన్ రాష్ట్రాల గురించి. వేట ములికి అంటే బాణం కొనకు బిగించే బ్లేడ్ల ములికి. అక్కడి వేటగాళ్ళు దాన్ని బ్రాడ్‌హెడ్ అంటారు.

అవతలివాళ్ళ వాదనను దాని బలం తగ్గించకుండానే చెబుతాను. అందులో నాలుగు మెట్లున్నాయి. మొదటిది బలం. హాలిస్ విల్బర్ అలెన్‌కు 1969లో కాంపౌండ్ విల్లు మీద పేటెంటు వచ్చాక విల్లు తీరే మారిపోయింది. ఇప్పటి బాణం సెకనుకు 280 అడుగుల వేగంతో వెళ్ళి జింకను ఈ పక్కనుంచి ఆ పక్కకు దాటిపోతుంది. రెండోది తయారీ. ఫ్యాక్టరీ యంత్రం పెట్టిన అంచు, చేయి తిరగని మనిషి సానరాయి మీద పెట్టే అంచుకన్నా మేలు. పోతే బ్లేడు మార్చుకోవచ్చు. మూడోది వెడల్పు. గురి తప్పి కాస్త పక్కన తగిలినా, తగలగానే రెండు అంగుళాల మేర తెరుచుకునే బ్లేడ్లు ఆ పొరపాటును సరిదిద్దుతాయి. నాలుగోది గురి. ఊపిరితిత్తుల్లో దిగితే ఏ ములికి అయినా చంపుతుంది, పక్కన దిగితే ఎంత పదునున్నా లాభం లేదు.

వీటికి తోడు వాళ్ళ చేతిలో అంకెలు కూడా ఉన్నాయి. మేరీలాండ్‌లో ఇండియన్ హెడ్ అనే నౌకాదళ స్థావరంలో ఏళ్ళ తరబడి విల్లు వేట లెక్కలు రాసిపెట్టారు. కదలని బ్లేడ్ల ములికితో తగిలిన జింకల్లో సుమారు 82 శాతం దొరికాయి. తెరుచుకునే బ్లేడ్ల ములికితో తగిలినవాటిలో సుమారు 91 శాతం దొరికాయి. ఇది తేలిగ్గా తోసేయగల సాక్ష్యం కాదు, తోసేయను కూడా. దాని దగ్గరికి వస్తాను. ముందు మొదటి మెట్టు.

1. బలం లెక్క

400 గ్రెయిన్ల బాణం, అంటే దాదాపు 26 గ్రాములది, సెకనుకు 280 అడుగుల వేగంతో వెళుతుంటే దానిలో ఉండే శక్తి సుమారు 70 అడుగు-పౌండ్లు. జింకల వేటలో మామూలుగా వాడే .30-06 రైఫిల్ గుండుకు సుమారు 2,800 ఉంటుంది. అంటే బాణం శక్తి గుండు శక్తిలో నలభయ్యో వంతు. గుండు తగిలినచోటుతో పాటు చుట్టుపక్కల కండనూ నాళాలనూ ఛిద్రం చేస్తుంది. బాణానికి అంత సత్తువ లేదు. దానికి ఉన్న దారి ఒక్కటే: కోసి నెత్తురు పోయేలా చేయడం.

"బలం పెరిగింది కాబట్టి పదునుతో పనిలేదు" అన్న మాటలోని లొసుగు ఇక్కడే ఉంది. బలం పెరిగితే బాణం ఇంకా లోతుకు వెళుతుంది, అంతే. అది చంపే పద్ధతి మారలేదు. బలమే చాలనుకుంటే సాధనకు వాడే గుండ్రటి మొన సరిపోవాలి. అదీ లోతుకు దిగగలదు. అయినా జింక మీద దాన్ని వాడటానికి చట్టం ఒప్పుకోదు. కోసే బ్లేడు ఉండాలంటుంది, పలు రాష్ట్రాల్లో దాని వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలంటుంది. చట్టం రాసినవాళ్ళకు అర్థమైన సంగతి దుకాణంలో మరుగున పడుతోంది.

వందేళ్ళ కిందటే దీన్ని పరీక్షించి చూసినవాడు ఉన్నాడు. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో బయటపడిన ఇషి అనే యాహి జాతి మనిషి దగ్గర విలువిద్య నేర్చుకున్న శాక్స్టన్ పోప్ వృత్తిరీత్యా వైద్యుడు. జంతువు శరీరాన్ని పోలిన లక్ష్యం మీద స్టీలు ములికినీ, ఇషి లాంటివాళ్ళు చెక్కే అబ్సిడియన్ రాతి ములికినీ పోల్చి చూశాడు. రాతి ములికే లోతుగా దిగింది. విల్లు మారలేదు, మారింది అంచు. స్టీలు గట్టిదే, కానీ గాజులా పగిలే ఆ రాతి అంచుకున్న సన్నదనం దానికి లేదు.

2. రక్తనాళం దగ్గర జరిగేది

"ఎంత వెడల్పు రంధ్రం పడితే అంత నెత్తురు" అన్నది ఈ వాదన అడుగున దాగి ఉన్న నమ్మకం. కొలత ఒకటే అయినా కోత ఒకటే కాదు. రక్తనాళాలకు, ఊపిరితిత్తుల కణజాలానికి సాగే గుణం ఉంది. మొక్కవోయిన అంచు వచ్చి తగిలితే నాళం పక్కకు జరుగుతుంది, సాగుతుంది, చాలాసార్లు తెగకుండానే తప్పించుకుంటుంది. మొండి కత్తిపీట మీద మిగలపండిన టమాటాను తరగబోతే తోలు తెగకముందే కాయ నలిగిపోయినట్టు, మొండి ములికి దారిపొడవునా కోయకుండా నలుపుకుంటూ పోతుంది.

తెగిన నాళం కూడా ఎలా తెగిందన్నదాన్ని బట్టి ప్రవర్తిస్తుంది. చిరిగి నలిగిన ధమని కొసలు ముడుచుకుంటాయి, లోపలి పొర మడతపడి దారిని మూస్తుంది. నలిగిన కణజాలం నుంచి టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ రక్తానికి తగిలి గడ్డకట్టడాన్ని వేగం చేస్తుంది. శుభ్రంగా తెగిన నాళంలో ఇవన్నీ ఆలస్యమవుతాయి. యంత్రంలో పడి నలిగిన వేలికన్నా బ్లేడుతో తెగిన వేలు ఎక్కువసేపు కారడానికి కారణం ఇదే. శరీరం తనను కాపాడుకోవడానికి చేసే ఈ పనికి మొండి ములికి సాయం చేస్తుంది. జంతువుకు అది ప్రాణం నిలబెట్టే సాయం కాదు, చావును గంటలకూ రోజులకూ సాగదీసే సాయం.

పదునైన ములికి రెండు ఊపిరితిత్తులనూ దాటిపోతే జింక సాధారణంగా కొద్ది సెకన్లలోనే, కనుచూపు మేరలోనే కూలుతుంది. ఒక్కోసారి తనకేం జరిగిందో తెలియక నాలుగు గంతులేసి, ఆగి, వెనక్కి తిరిగి చూస్తూ నిలబడిపోతుంది. వేటలో దయ అనేది ఉందంటే అది ఇక్కడే ఉంది.

3. "గురి సరిగ్గా ఉంటే చాలు"

ఈ మెట్టు బలంగా కనిపిస్తుంది, కానీ గురి మొత్తం వేటగాడి చేతిలో ఉందనుకుంటేనే నిలబడుతుంది. 30 గజాల దూరం తీసుకుందాం, అంటే 90 అడుగులు. సెకనుకు 280 అడుగుల వేగంతో బాణం అక్కడికి చేరడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. నారి చప్పుడు సెకనుకు 1,100 అడుగులకు పైగా వెళుతుంది కాబట్టి సెకనులో పన్నెండో వంతులోనే జింక చెవిన పడుతుంది. బాణానికన్నా దాదాపు పావు సెకను ముందే జింకకు కబురందుతుంది. బెదిరిన తెల్లతోక జింక పరుగు తీయడానికి ముందు కాళ్ళు ముడిచి ఒళ్ళు కిందికి దించుతుంది. పావు సెకనులో దాని వెన్ను అంగుళాల కొద్దీ దిగిపోతుంది. గుండె మీద పెట్టిన గురి వెన్ను కింద తగులుతుంది, ఊపిరితిత్తుల అంచున తగులుతుంది, ముందుకడుగు వేస్తే కాలేయంలో దిగుతుంది.

ఎంత సాధన చేసినా ఆ పావు సెకను మన చేతిలో లేదు. గాలి, జింక కదలిక, అడ్డొచ్చే కొమ్మ ఏవీ మన చేతిలో లేవు. పూర్తిగా మన చేతిలో ఉన్నది అంచు ఒక్కటే. గురి కుదిరిన రోజున మొండి ములికి కూడా పని కానిస్తుందేమో. గురి జరిగిన రోజున, కాలేయంలోనో ఊపిరితిత్తి అంచులోనో దిగిన రోజున, జింక వంద గజాల్లో పడుతుందా, మర్నాటిదాకా ఈడుస్తుందా అన్నది పదును తేలుస్తుంది. గురి ముఖ్యమంటూ పదునును పక్కన పెట్టడం, దాని అవసరం ఎక్కువగా పడే సందర్భంలోనే దాన్ని వదులుకోవడం.

4. ప్యాకెట్ లోపల ఉన్నది

"ఫ్యాక్టరీ పదును" అని ఒకే రకం పదును ఏదీ లేదు. కొన్ని ములికులు నిజంగానే వెంట్రుక గీసే అంచుతో వస్తాయి. కొన్ని రావు. ఒకే ప్యాకెట్‌లో తేడాలుంటాయి. పరీక్ష చాలా సులువు. ఖాళీ డబ్బా మూతికి మూడు నాలుగు రబ్బరు బ్యాండ్లు బిగువుగా చుట్టండి. ములికిని బాణానికి బిగించి, వేళ్ళు అంచుకు దూరంగా ఉంచి, బ్లేడును ఆ బ్యాండ్ల మీద మెల్లగా ఆనించి జరపండి. పదునుంటే తగిలీ తగలగానే టప్పున తెగుతాయి. లేకపోతే బ్యాండు అంచు మీదుగా సాగుతుంది, పక్కకు తప్పుకుంటుంది, నొక్కితేగానీ తెగదు. రక్తనాళం చేసేదీ సరిగ్గా అదే. ఒకే ప్యాకెట్‌లోని మూడు ములికుల్లో రెండు తెగ్గోసి మూడోది జారిపోవడం నేను కళ్ళారా చూశాను.

రెండో పరీక్షకు టేబుల్ లైటు చాలు. బ్లేడును అంచు పైకి వచ్చేలా దీపం కింద పట్టుకుని మెల్లగా వంచుతూ చూడండి. నిజమైన అంచు వెలుతురును తిప్పికొట్టదు, నల్లగా ఉంటుంది. సన్నని తెల్లగీత మెరిస్తే అక్కడ అంచు గుండ్రబడింది. ఒక చుక్క మెరిస్తే అక్కడ నొక్కు పడింది. యంత్రం మీద నూరినప్పుడు అంచున సన్నని లోహపు పొర ఒక పక్కకు లేచి ఉండిపోతుంది. వేలికి అది గరగరగా తగిలి పదునులా భ్రమింపజేస్తుంది, జింక తోలూ వెంట్రుకలూ తగలగానే మడతపడిపోతుంది.

ప్యాకెట్ విప్పినప్పుడు బాగున్న అంచు కూడా అలాగే ఉండిపోదు. అంబులపొది పైకప్పులోని ఫోములోకి ములికిని గుచ్చి తీసిన ప్రతిసారీ అంచు అరుగుతుంది. ఆ ములికితోనే సాధన చేస్తే లక్ష్యం లోపలి ఫోము దాన్ని ఇంకా వేగంగా తినేస్తుంది. వాన తడి కార్బన్ స్టీలు అంచును రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. "బ్లేడు మార్చుకోవచ్చుగా" అంటారు. మార్చండి, నాకు అభ్యంతరం లేదు. కానీ మార్చిన బ్లేడు కూడా అదే ఫ్యాక్టరీ నుంచి, అలాంటి ప్యాకెట్‌లోనే వస్తుంది. పరీక్ష తప్పదు. పరీక్ష లేకుండా చేసే మార్పిడి ఒక అనుమానం స్థానంలో ఇంకో అనుమానాన్ని బిగించడమే.

5. వెడల్పు, ఆ అంకెలు

వెడల్పు ఉచితంగా రాదు. కోత ఎంత వెడల్పయితే బాణానికి అంత అడ్డు. తెరుచుకునే బ్లేడ్లు తెరుచుకోవడానికే కొంత శక్తిని తీసుకుంటాయి. ఆ తర్వాత రెండు అంగుళాల మేర తోలును, కండను, పక్కటెముకలను కోసుకుంటూ పోవాలి. 70 అడుగు-పౌండ్ల శక్తి ఉన్న బాణం తెల్లతోక జింక మీద ఆ ఖర్చు భరించగలదు. 45 పౌండ్ల విల్లు లాగే మనిషి సంగతి వేరు. 380 గ్రెయిన్ల బాణం సెకనుకు 210 అడుగుల వేగంతో వెళితే దాని శక్తి 37 అడుగు-పౌండ్లే. ఆ చేతికి రెండంగుళాల ములికి ఇచ్చి పంపితే బాణం సగంలో ఆగిపోతుంది. మంచె మీది నుంచి కొట్టిన బాణం వెన్ను దగ్గర ఎత్తున లోపలికి వెళుతుంది. కింది నుంచి బయటికి రాకపోతే నెత్తురంతా ఛాతీలోనే నిండిపోతుంది, నేల మీద జాడ కనపడదు. జంతువు చచ్చినా దొరకదు. అందుకే అమెరికన్ విలుకాడు హోవర్డ్ హిల్ వెడల్పుకు మూడింతల పొడవున్న రెండు బ్లేడ్ల ములికిని సమర్థించాడు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో ఏళ్ళ తరబడి బాణాలను పరీక్షించిన ఎడ్ ఆష్బీ కూడా పొడవైన, ఇరుకైన, విరగని ములికి వైపే మొగ్గాడు.

ఇక ఇండియన్ హెడ్ లెక్కలు. ఆ 91 శాతం నిజమే. అయితే అక్కడ కొట్టినవి తెల్లతోక జింకలు, ఎల్క్ లాంటి పెద్ద జంతువులు కాదు. అక్కడికి అనుమతించినవాళ్ళు గురి పరీక్ష గట్టెక్కిన వేటగాళ్ళు. ఎవరి ములికి వాళ్ళే ఎంచుకున్నారు, చీటీలు వేసి పంచలేదు. ఇవన్నీ పక్కన పెట్టి అంకెను ఉన్నదున్నట్టు ఒప్పుకుందాం. అది చెప్పేదేమిటి? సరిపడా బలమున్న చేతికి, తెల్లతోక జింక మీద, వెడల్పాటి కోత మేలు చేయవచ్చని. దాన్ని కాదనను. అది చెప్పనిదేమిటి? మొండి అంచు పరవాలేదని. అక్కడ పోల్చింది ములికుల రకాలను, పదునును కాదు. వెడల్పు పక్షాన వచ్చిన సాక్ష్యాన్ని నిర్లక్ష్యం పక్షాన నిలబెట్టడం తర్కం కాదు. పైగా 91 శాతం దొరికాయంటే 9 శాతం దొరకలేదని అర్థం. ఆ తొమ్మిది ఎందుకు దొరకలేదన్న ప్రశ్న వేయకుండా తొంభై ఒకటిని చూపించి ఊరుకోవడం వేటగాడికి తగదు.

ఎంపికలో నేను చెప్పేది ఇది. బలమైన విల్లు, తెల్లతోక జింక అయితే తెరుచుకునే ములికి వాడవచ్చు, ప్రతి బ్లేడునూ పరీక్షించాలన్న షరతు మీద. విల్లు తేలికైనా, జంతువు పెద్దదైనా కదలని బ్లేడ్ల, ఇరుకైన, మందపాటి స్టీలు ములికి తప్ప ఇంకోటి వద్దు. బాణానికి బిగించి తిప్పి చూసినప్పుడు మొన వణికే ములికి ఏ రకందైనా వద్దు. రెండు ములికులు అన్నివిధాలా సమానమైతే మీ చేత్తో నూరుకోగలిగినదాన్నే కొనండి.

6. "నూరడం మనవల్ల కాదు"

ఇది వాదన కాదు, సాకు. రెండు బ్లేడ్ల ములికి నూరడానికి 400 గరుకు, 1,000 గరుకు సానరాళ్ళు, ఒక తోలుపట్టీ, ఒక మార్కర్ పెన్ను చాలు. అంచు వాలు మీద మార్కర్ పూయండి. అదే కోణంలో రెండుసార్లు రాయి మీద లాగి చూడండి. రంగు అంచు దగ్గర మిగిలితే బ్లేడును కాస్త లేపాలి, వాలు వెనక మిగిలితే కాస్త దించాలి. కోణం దొరికాక ఒకే పక్క నూరుతూ పోండి, రెండో పక్క అంచు పొడవునా సన్నని పొర లేచేదాకా. చాలామంది ఆ పొర లేవకముందే పక్క మార్చేసి, నూరినా పదును రావడం లేదంటారు. పొర మొదటి నుంచి చివరిదాకా లేచాక రెండో పక్కకు వెళ్ళండి. తర్వాత ఒత్తిడి తగ్గిస్తూ పక్కలు మారుస్తూ సన్నరాయి మీద నాలుగైదు లాగుళ్ళు, ఆఖర్న తోలుపట్టీ మీద అంచు వెనక్కి ఉండేలా లాగితే మిగిలిన పొర ఊడిపోతుంది.

విడదీయరాని మూడు బ్లేడ్ల ములికి ఇంకా సులువు. బ్లేడ్లు 120 డిగ్రీల ఎడంలో ఉంటాయి కాబట్టి రెండింటిని రాయి మీద ఒకేసారి ఆనిస్తే ఒక్కో అంచు పక్కకు 30 డిగ్రీల కోణం దానంతటదే కుదురుతుంది. ములికిని తిప్పుతూ మూడు జతలనూ సమానంగా లాగాలి. ఆ అంచు కాస్త మందం, కానీ ఎముకకు తట్టుకుంటుంది. కోణం పట్టడం అసలు రానివాళ్ళకు దాన్ని బిగించి ఉంచే పనిముట్లు దొరుకుతాయి. ముగించాక కార్బన్ స్టీలు అంచుకు పలుచగా వాజలైన్ రాస్తే తుప్పు పట్టదు. వందల డాలర్లు పోసి విల్లు కొని, సీజన్ అంతా మంచె మీద తెల్లవారకముందే కూర్చోగలిగిన మనిషికి ఈ పని భారమనడం నమ్మదగ్గ మాట కాదు.

7. ఈ సలహా ఎక్కడికి తీసుకెళుతుంది

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1963 నాటి జింకల చట్టం బాణంతో జింకను కొట్టడాన్ని నిషేధించింది. అమెరికాలోనూ విల్లు వేటను ఆపాలనేవాళ్ళున్నారు, వాళ్ళ మొదటి ఆరోపణ గాయపడి దొరకని జంతువుల గురించే. ఆ ఆరోపణకు వేటగాళ్ళు ఎప్పుడూ ఇచ్చే జవాబు, పదునైన బాణం శుభ్రంగా, త్వరగా చంపుతుందని. ఆ జవాబులో మోయాల్సిన బరువంతా "పదునైన" అన్న మాట మీదే ఉంది. దుకాణంలో నిలబడి అదే మాటను కొట్టిపారేసేవాడు తన పక్షం జవాబును తనే కూల్చేస్తున్నాడు. చట్టం కనీస వెడల్పు కొలిచి చూడగలదు. ప్రతి అంబులపొదిలోని ప్రతి అంచునూ రబ్బరు బ్యాండు మీద పరీక్షించలేదు. ఆ పని చేయాల్సినవాడు వేటగాడే, వాడు చేయకపోతే ఇంకెవరూ చేయరు.

కొత్తగా విల్లు పట్టిన తెలుగు పాఠకులకు నా విన్నపం ఇదే. ఈ సీజన్‌లో మంచె ఎక్కే ముందు అంబులపొదిలోని ప్రతి ములికినీ పరీక్షించండి. తెగ్గోయనిదాన్ని నూరండి. నూరడం రాకపోతే బ్లేడు మార్చి మళ్ళీ పరీక్షించండి. అప్పటికీ తెగ్గోయకపోతే ఆ బాణాన్ని ఇంట్లోనే వదిలి వెళ్ళండి. పదునో కాదో తెలియని బాణాన్ని ప్రాణమున్న జంతువు మీద వదిలే హక్కు ఏ లైసెన్సూ మీకివ్వదు.